ఎవరూ చింపని దినాల కార్డు

నవంబరు 11, సోమవారం

ఈ డైరీ మా కొడుకు రాజశేఖర్‌కు థర్మల్ ప్లాంటులో పోయిన జనవరిలో ఇచ్చారు. ఇంతకాలం బీరువాలో చీరల కింద పడి ఉంది. లహరి దాన్ని తీసి నా చేతికిచ్చి, జేజీ, నీ దిగులంతా దీంట్లో పొయ్యి, నా నెత్తిన పొయ్యొద్దు అంది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులు పోయినా చూసేవాళ్ళు ఎవరు.

దిగులంతా లహరి గురించే. నా కొడుకు కూతురు. కడపలో డిజైన్ చదువుతోంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు పోయినేడు తప్పింది. ఫిబ్రవరిలో జ్యూరీ ఉందంట, అందులో కూడా తప్పితే డిగ్రీ చేతికి రాదంట. కొడుకూ కోడలూ కలమల్ల దగ్గర క్వార్టర్సులో ఉంటారు, అక్కడ కాళ్ళు చాపుకొనే చోటు లేదు. అందుకని కత్తులూ కాగితాలూ సంచిలో వేసుకొని ప్రొద్దుటూరుకు నా దగ్గరికి వచ్చేసింది. కాగితం కోసి ఏవో చేస్తుందంట.

ఏం చేస్తావు అని అడిగాను. తర్వాత చెప్తాలే అంది. మంచి సంగతిని ఎవరూ తర్వాత చెప్తాననరు.

నవంబరు 12

చెప్పింది. దినాల కార్డులు, మనిషి పోతే కర్మకు పిలుస్తూ పంచేవి. నాకు అన్నం సహించలేదు.

నవంబరు 14, గురువారం

రెండు రోజులు మాట్లాడలేదు. ఈరోజు తనే వచ్చి పక్కన కూర్చొని వివరంగా చెప్పింది.

వాళ్ళ సారు క్లాసులో అడిగాడంట, మీ ఇండ్లకొచ్చే కార్డుల్లో దేన్ని అందరికంటే ముందు పారేస్తారు అని. ఈ పిల్ల లేచి దినాల కార్డు అనిందంట. పెళ్ళి కార్డును నాలుగు మూలలా పసుపు పూసి ఏళ్ళ తరబడి దాచుకుంటాం. దినాల కార్డును చదివిన చేత్తోనే చింపేస్తాం. అయితే చింపడానికి చెయ్యి రాని దినాల కార్డు చెయ్యి చూద్దాం అన్నాడంట సారు. అదే ప్రాజెక్టు. ఊళ్ళో మనుషులకు ఇచ్చి చూడాలంట. ఎవరైనా ఒక్కరు దాన్ని చింపకుండా దాచుకోవాలంట.

అమ్మీ, అది చింపితేనే ఆ చావు గడప బయట ఆగుతుంది అన్నాను. మా అత్త అయితే కార్డును గేటు లోపలికి రానిచ్చేది కాదు. అక్కడే చదివించి, అక్కడే చింపించి, ముక్కలు కాలవలో వేయించి కాళ్ళు కడుక్కోమనేది. చింపని కార్డు ఇంట్లో ఉంటే అది ఇంకొకరి కోసం చూస్తూ ఉంటుంది అనేది.

లహరి నవ్వింది. ఏమీ రాసుకోకుండా వింటుందేమో అనుకున్నాను. ఫోన్‌లో రికార్డు చేసుకుందంట.

నవంబరు 21, గురువారం

రోజంతా కిందనే కూర్చొని కోస్తోంది. పచ్చటి మ్యాట్ పరిచి దాని మీద నల్ల కాగితం పెడుతుంది. పెన్ను మాదిరి కత్తి. మొన విరిగితే కొత్త బ్లేడు వేస్తుంది. విరిగిన మొన ఎక్కడ పడిందో అని నాకు భయం. ఊడ్చిందే ఊడుస్తున్నాను. కోసేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెడుతుంది, ఉలిక్కిపడితే చెయ్యి జారుతుందని. వాళ్ళమ్మ ఫోన్ చేసి చేసి చివరికి నన్ను తిడుతుంది.

లోపలి చిన్న తూట్లు ముందు కోస్తుంది. బయటి గీత ఆఖరున. కాగితంలో ప్రతి ముక్కా పక్క ముక్కను ఎక్కడో ఒకచోట పట్టుకొని ఉండాలంట, ఆ పట్టు తెగితే బొమ్మంతా ఊడి పడుతుందంట. అక్షరాలతో మరీ కష్టమంట. మన అక్షరాలకు అన్నీ గుండ్రటి పొట్టలే కదా, చుట్టూ కోసేసరికి పొట్టలో ముక్క రాలిపోతుంది. రాలకుండా వెంట్రుకంత పోగు వదులుతుంది. ఆ పిల్ల మెడ చూస్తే నాకు భయమేస్తుంది, కొంగ మాదిరి వంగిపోయింది.

నవంబరు 26, మంగళవారం

మొదటి కార్డు అయ్యింది. చూపించింది.

రెండు రెక్కల తలుపు. మూసి ఉన్నప్పుడు గడప మీద ఒక ముసలామె కూర్చొని ఉంటుంది, సగం ఈ రెక్కలో, సగం ఆ రెక్కలో. రెక్కలు తెరిస్తే ఆమె రెండుగా విడిపోయి పక్కలకు వెళ్ళిపోతుంది. లోపల ఖాళీ గడప, వెనక తెల్లగా వాకిలి. అంతే. మళ్ళీ మూస్తే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

బాగుంది. బాగుందని అనలేదు. ఆ గడప మాది. మోకాలి మీద చెయ్యి వేసుకొని కూర్చున్న తీరు నాది.

నవంబరు 29, శుక్రవారం

లోపలి అక్షరాలు అచ్చు వేయించడానికి జమ్మలమడుగు పోయాం. ప్రొద్దుటూరులో ప్రెస్సులు లేవా అంటే, కొన్ని కార్డులే అయినా వేసిపెట్టే చిన్న మెషిన్ ఉన్నవాడు కావాలంట. నూర్ అహ్మద్ అని, పెళ్ళివీ దినాలవీ అన్నీ వేస్తాడు. కార్డు తిప్పి తిప్పి చూసి, చించేదానికి ఇంత కండ్లు పోగొట్టుకోవల్లా తల్లీ అన్నాడు. పెండ్లి కార్డుకు నాలుగుసార్లు ప్రూఫ్ దిద్ది నా పానం తీస్తారు, దీనికి ఎవురూ ప్రూఫే అడగరు, తప్పు పడినా ఎవురూ కొట్లాడ్డానికి రారు అన్నాడు.

ఏం పేరు వెయ్యమంటావు అని అడిగాడు. ఉత్తుత్తి పేరు వేస్తే కార్డు ఉత్తుత్తిగా ఉంటుందని సారు చెప్పాడంట. లహరి ఆదినారాయణ అంది. వద్దే అన్నాను. ఆదినారాయణ తొండూరులో మా అక్క కొడుకు, ముగ్గురు పిల్లల తండ్రి. పోనీ సుబ్బన్న అంది. సుబ్బన్న మాకు పాలు పోసే మనిషి. ఏ పేరు అన్నా ఆ పేరుగలవాడు నా కళ్ళ ముందు నిలబడ్డాడు. చివరకు నేనే అన్నాను, అన్నపూర్ణమ్మ అని వెయ్యప్పా.

రాసుకుంటూ, ఎవురమ్మా పోయినారు అని అడిగాడు. నేనే అన్నాను. పెన్ను కింద పెట్టేశాడు.

అచ్చులో వేసిన పేరునే తలుపు పైన కత్తితో కూడా కోస్తుందంట. బస్సులో లహరి నా చెయ్యి వదల్లేదు. జేజీ, నీకు భయం లేదా అంది. భయమే. కానీ వేరేవాళ్ళ పేరు పెట్టి దిగులు పడేకంటే నాది పెట్టి దిగులు పడటం మేలు.

డిసెంబరు 2, సోమవారం

వీధిలో నాలుగు కార్డులు ఇచ్చింది. నాలుగూ చింపారు.

ఫ్యాన్సీ షాపు శివకుమార్‌కు ఇది ప్రాజెక్టు అని ముందే చెప్పి ఇచ్చిందంట. అతను చదివి, మాట్లాడుతూ మాట్లాడుతూనే చింపేశాడంట. చింపినాక తన చేతులు తానే చూసుకొని, సారీ పాపా, చెయ్యి దానంతట అదే చింపింది అన్నాడంట. ఇంకొకామె గేటు దగ్గరే చింపి, నువ్వు బాగుండాల తల్లీ, ఇట్లాంటివి ఇయ్యొద్దు అని చేతిలో అరటిపండు పెట్టి పంపిందంట.

ముక్కలు ఒళ్ళో పోసుకొని కూర్చుంది లహరి. నాకు లోపల ఊరటగానే ఉంది. ఆ ముఖం చూస్తే ఊరట పడినందుకు సిగ్గేసింది.

డిసెంబరు 5, గురువారం

కాకి తన్నింది.

మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వచ్చి నడినెత్తిన తన్ని పోయింది. పక్క మిద్దె మీద పీరాంబీ చూసి ఒకటే నవ్వు. దానికి నీ తెల్ల కొప్పు జూసి గూడు అనిపిచ్చిందేమో అక్కా అంటుంది. ఆమెకేం తెలుసు. తలంటు పోసుకున్నాను, నువ్వుల నూనె దీపం పెట్టాను. అవి చాలవు.

కాకి తలను తాకితే ఆ మనిషి పోతారని మా వైపు నమ్మకం. దానికి విరుగుడు ఒక్కటే. ఆ మనిషి పోయినట్టు చుట్టాలకు అబద్ధం కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకొని ఏడవాలి. ఏడిస్తే ఆ ఏడుపుతో చావు తీరిపోతుంది. మా నాయనను తన్నినప్పుడు మా అమ్మ అట్లాగే చేసింది. ఆయన తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు.

నా కోసం నిజంగా ఏడ్చేది మా అక్క ఈశ్వరమ్మ ఒక్కతే.

డిసెంబరు 6, పొద్దున 9

పులివెందుల బస్సు డ్రైవరుకు కవరు ఇచ్చాను. తొండూరు స్టేజీలో టీ కొట్టులో ఇమ్మన్నాను. అందులో లహరి కార్డు ఒకటి పెట్టాను. నా పేరుతో తయారుగా ఉంది కదా, దేవుడే చేయించాడు అనుకున్నాను. లహరికి చెప్పలేదు. నా ఫోన్ ఆపేశాను. వాళ్ళు ముందు ఏడవాలి, తర్వాతే నిజం చెప్పాలి.

అదే రోజు, సాయంత్రం 6

ఒక సంగతి నాకు తట్టనే లేదు. దినాల కార్డు మనిషి పోయిన వారానికి గాని రాదు. అంటే అక్క లెక్కలో నేను పోయి చాలా రోజులైంది, ఒక్కరూ తనకు కబురు చెయ్యలేదు.

అక్క చీనీకాయల మినీ లారీలో వచ్చింది. కోడలు తనూజ వెంట ఉంది. కబురు వినగానే మైలకని తొట్టి కాడికి పోయి చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించుకొని, ఆ తడి జుట్టుతోనే బండెక్కిందంట. ఆదినారాయణ తోటలో ఉన్నాడు, తనూజ లహరికి ఫోన్ల మీద ఫోన్లు చేసిందంట. లహరి కోస్తూ ఉంది. సైలెంట్.

వీధి మొదలు నుంచే అక్క గొంతు వినిపించింది. సచ్చి పదిదినాలాయనంట కదే, నాకు కబురు పంపేకి మీకు మనిషే దొరకల్యా, తోడబుట్టినదాని మొగం గూడా సూడనీరా, ఎట్లాంటోళ్ళురా మీరు అని. నేను గడప మీద కూర్చొని శనక్కాయలు ఒలుస్తున్నాను. నన్ను చూసింది. నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత వచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంకా మండుతోంది.

కాకి తన్నిందా అని అడిగింది. అవునన్నాను. థూ, నీ యవ్వ, దాన్ని పట్టుకొని నా గుండె ఆపుతావా అంది. పక్కన కూలబడి నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టాను. మిరపకాయ బజ్జీ యాడే అని అడిగింది. సచ్చిన ఇంట్లో బజ్జీ అడుగుతాండావు అత్తా అని తనూజ అంటే, సచ్చినదే వండిపెడతాంటే నాకేం అంది.

చింపెయ్ అక్కా ఆ కార్డు అన్నాను. అక్క దాన్ని తీసి తెరిచింది, మూసింది. మూస్తే కూసుంటాండావు, తెరిస్తే లేసిపోతాండావు, ఎట్ల సింపేదే దీన్ని అంది. రవికలో దోపుకుంది. లహరి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని, పెద్దజేజీ, నిజంగా చింపవా, నిజంగానే దాచుకుంటావా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ పిల్ల ముఖం అట్లా వెలిగి ఏడాదైంది.

తన కార్డును చెప్పకుండా పంపినందుకు లహరి నన్ను ఒక్క మాట అనలేదు.

డిసెంబరు 9

అక్కకు ఫోన్ చేశాను. ఇంకా చింపలేదంట.

డిసెంబరు 13, శుక్రవారం

అక్కకు దగ్గు. మిరియాల కషాయం తాగమన్నాను. కార్డు చింపమన్నాను. పోన్ పెట్టేస్తా అంది.

డిసెంబరు 21, శనివారం

జ్వరం తగ్గక పులివెందుల ఆస్పత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము అంట. లహరీ నేనూ పోయాం.

ముక్కుకు గొట్టం పెట్టారు. మనిషి సగమైంది. దిండు కింద కార్డు. నేను పోయేసరికి నర్సుకు చూపిస్తోంది. అక్క మూస్తే నర్సు ఇదో అవ్వ వచ్చె అంటుంది, తెరిస్తే ఇదో అవ్వ పాయె అంటుంది. కార్డు మడత దగ్గర అరిగిపోయి నూలు మాదిరి అయింది. లహరి ఫొటో తీసుకోబోయి, ఏమనుకుందో ఫోన్ సంచిలో పెట్టేసింది.

నర్సు పోయాక అక్క కాళ్ళు పట్టుకున్నాను. నీకు దండం పెడతానక్కా, ఇప్పుడన్నా చింపు, నన్ను తన్నిన కాకి నీ మీద వాలింది అన్నాను. అక్క మాట ఆగి ఆగి వచ్చింది. దినాల కార్డు సింపేది పోయినోళ్ళది. నువ్వు యాడికి పోయినావే. నేను సింపితే నువ్వు పోయినట్టు కాదా అంది.

కార్డు దిండు కిందికి తోసి ఆమెకు దుప్పటి కప్పాను.

డిసెంబరు 27

అక్క పోయింది.

జనవరి 6, సోమవారం

ఈరోజు దినాలు. తొండూరులో రెండు రోజులున్నాం. ఇప్పుడే వచ్చాం.

అక్క దినాల కార్డు పులివెందులలో వేయించారంట. తెల్ల కాగితం, మూల మీద ఫొటో. పోయిన వారం ఇక్కడికీ వచ్చింది. గేటు దగ్గర చదివాను. చదవడం అయ్యేసరికి నాలుగు ముక్కలు నా చేతిలో ఉన్నాయి. నా అక్కది. నేనే చింపాను. ఆ రోజు రాయలేకపోయాను.

అక్కను మట్టి చేసిన రోజు నేను వాకిట్లోనే పడి ఉన్నాను, చివరి పని చూడలేదు. తనూజ ఈరోజు పెరట్లోకి పిలిచి చెప్పింది. మట్టి చేసేటప్పుడు కార్డు అత్త చేతిలోనే పెట్టినామత్తా, చేతిలో నుంచి తీస్తామంటే నాకు మనసొప్పల్యా అంది. ఏ కార్డు అన్నాను. నీదే అంది.

నా పేరు మట్టిలో పోయింది.

జనవరి 8, బుధవారం

లహరి కత్తి ముట్టలేదు. నేను అన్నం తినమంటే పళ్ళెం పక్కకు జరిపి అనేసింది. నీ కాకి కోసం పెద్దజేజిని చలిలో నిలువునా తడిపినావు. చంపింది నా కార్డు కాదు జేజీ, నీళ్ళు.

తర్వాత గదిలోకి పోయి ఏడ్చింది. నేను ఇక్కడే కూర్చున్నాను. నీళ్ళే కావచ్చు. కార్డే కావచ్చు. రెండూ పంపింది నేనే.

జనవరి 22, బుధవారం

లహరి కడపలో కాలేజీకి పోయి వచ్చింది. చింపకుండా దాచుకున్నవాళ్ళు ఎవరు, ఆ కార్డు ఎక్కడ అని అడిగారంట. మట్టిలో ఉంది అని చెప్పిందంట. వాళ్ళు అయ్యో అన్నారంట గానీ, చూపించడానికి ఏదో ఒకటి కావాలి, కనీసం దాచుకునే మనిషి ఒకరు జ్యూరీ ముందుకు రావాలి, లేకపోతే ప్రాజెక్టు సగంలో ఉన్నట్టే అన్నారంట.

పీరాంబీ నేనొస్తా పాపా, దాచుకుంటానని ఒట్టేసి చెప్తా అంది. నిజంగా దాచుకుంటావా పెద్దమ్మా అని లహరి అడిగింది. యాడన్నా దాచుకుంటారా తల్లీ, అది వేరే, ఇది వేరే అంది పీరాంబీ.

లహరి నన్ను అడగలేదు. అడగకుండా నా ముందు నుంచి వంటింట్లోకీ బయటకీ తిరుగుతోంది. ఒక్క మాట అడిగితే కాదనేదాన్ని. అడగలేదు కాబట్టి కాదనలేకపోతున్నాను.

జనవరి 30, గురువారం

నేనొస్తాను అన్నాను. చీర ఏది కట్టుకోవాలో తెలియదు.

ఫిబ్రవరి 5, బుధవారం

బస్సులో వాంతి అయ్యింది. లహరి సంచి పట్టుకుంది.

పెద్ద హాలు. గోడలకంతా కాగితాలే. కాగితం చెట్లు, కాగితం చేపలు, ఒక పిల్లోడు కాగితంతో గండికోట చేశాడు, ఊదితే పడిపోయేట్టుంది. అందరివీ రంగుల్లో ఉన్నాయి. మా లహరివి నల్లగా ఒక మూలన. అక్కడికి ఎవరూ ఎక్కువసేపు నిలవడం లేదు.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ కార్డు తెరిచి పేరు చదివి, ఈమె ఎవరు అంది. నేనే అన్నాను. నూర్ అహ్మద్ మాదిరే ఆమె కూడా పెన్ను కింద పెట్టింది.

మీ అక్క ఎందుకు చింపలేదు అని అడిగారు. వచ్చేటప్పుడు లహరి నేర్పిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. నేను బతికున్నాను కాబట్టి చింపలేదు సార్ అన్నాను. ఆమె చింపలేదు, పోయింది. ఆమెది వస్తే నేను చింపాను, బతికే ఉన్నాను. ఇంతే నాకు తెలిసింది అన్నాను. లహరి తల వంచుకుంది. ఇక అయిపోయింది, ఆ పిల్ల చదువు నా నోటితోనే ముంచాను అనుకున్నాను.

పక్కనున్న సారు కొత్త కార్డు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. దీన్ని ఏం చేస్తారమ్మా అన్నాడు.

తీసుకున్నాను. నా వేళ్ళు దాని రెండు అంచుల మీదికి పోయాయి. కార్డు మీద నా పేరు, పొట్టలన్నీ వెంట్రుకంత పోగులతో వేలాడుతున్నాయి. కొంచెం లాగితే చాలు. లహరి ఆ పోగుల్ని ఒక్కొక్కటే ఊపిరి బిగబట్టి వదలడం నేను చూశాను.

ఇంటికి తీసుకుపోతాను, ఒక కవరు ఇవ్వండి అన్నాను. భయం లేదామ్మా అంది మేడమ్. ఉంది మేడమ్, శానా ఉంది అన్నాను.

ఫిబ్రవరి 7

లహరి పాసయ్యింది. వాళ్ళ నాయన కలమల్ల నుంచి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. పీరాంబీ సేమియా చేసి పంపింది. నేను కూడా తిన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

లహరి కడపకు పోయింది. ఇంట్లో నేనే.

కార్డును గూట్లో నిలబెట్టి, మూసి పెట్టాను. పొద్దున లేచి చూస్తే రెక్కలు కొంచెం తెరుచుకొని, గడప మీద నేను రెండుగా విడిపోయి ఉన్నాను. మూశాను. స్నానం చేసి వచ్చేసరికి మళ్ళీ. గాలికే అయ్యుంటుంది. కొత్త కాగితం బిగువుకు అట్లా లేస్తుందని లహరి ఒకసారి చెప్పినట్టు గుర్తు.

దండెం మీద నుంచి బట్టల క్లిప్పు ఒకటి తెచ్చి రెండు రెక్కలకూ కలిపి పెట్టాను. కాసేపు చూసి ఇంకొకటి కూడా పెట్టాను.